ఫ్లాట్‌బెడ్ స్కానర్: పాత దస్తావేజు, పుస్తకం, ఫొటో, కలంకారీ గుడ్డ – దేనికి ఏ మోడ్, ఏ సెట్టింగు?

అలిపిరి_రోడ్, తిరుపతి

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ స్కాన్ చేసి ఒకచోట పెట్టాలని మొదలుపెట్టాం. స్కానర్ కానన్ లైడ్ 300, లాప్‌టాప్‌లో విండోస్ 11. ఇప్పటిదాకా ఆటో బటన్ ఒక్కటే వాడుతున్నాం. రోజూ జిరాక్సు లాగా వాడుకునే పనికి అది చాలు గానీ, కింద చెప్పిన వాటికి ఏ మోడ్ పెట్టాలో తెలియడం లేదు.

1. పాత క్రయ దస్తావేజు. స్టాంపు పేపరు, రెండు వైపులా చేతిరాత. వెనక వైపు రాత ముందుకి కనిపిస్తోంది. బ్లాక్ అండ్ వైట్ పెడితే నీలి ఇంకు సంతకాలు సగం ఎగిరిపోతున్నాయి. పైగా పేపరు గాజు కంటే పొడవు.

2. డెమ్మీ సైజు తెలుగు పుస్తకం, 240 పేజీలు, సీసపు అచ్చు. కాగితం పసుపెక్కింది. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చేసి వెతుక్కునేలా పెట్టుకోవాలి.

3. పాత వారపత్రిక పేజీలు. రంగు బొమ్మల మీద అలలు అలలుగా గీతలు.

4. స్టూడియో ఫొటోలు, గరుకు కాగితం మీద వేసినవి. స్కాన్‌లో మొహాల నిండా తెల్ల చుక్కలు.

5. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్క, అడుగు పొడవు లోపే. ఎరుపు, నీలం రెండూ కంటికి కనబడేలా రావడం లేదు.

ఎన్ని డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు), రంగా గ్రేనా, ఏ స్విచ్చి ఆన్ ఏది ఆఫ్, ఏ ఫార్మాటు – తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

నీవా_ఒడ్డు, చిత్తూరు

అన్నా, ముందు ఆటోని పక్కన పెట్టండి. గాజు మీద ఉండేది ఫొటోనా, కాగితమా, పత్రికా అని అదే ఊహించుకుని రంగు, డీపీఐ, షార్ప్‌నెస్ అన్నీ తనకి తోచినట్టు వేసేస్తుంది. దస్తావేజులో రంగు డిజైను, సీలు, చేతిరాత మూడూ ఉంటాయి కాబట్టి ఒక పేజీని ఫొటో కింద లెక్కేస్తుంది, ఇంకో పేజీని డాక్యుమెంటు కింద లెక్కేస్తుంది. పేజీకో రకంగా రావడం అందుకే.

కానన్ వాళ్ళ స్కాన్ సాఫ్ట్‌వేర్ ఐజే స్కాన్ యుటిలిటీ తెరిచి స్కాన్‌గేర్ బటన్ నొక్కండి. పైన బేసిక్ మోడ్, అడ్వాన్స్‌డ్ మోడ్ అని ట్యాబులు ఉంటాయి. అడ్వాన్స్‌డ్‌కి పోండి. అక్కడ ఇమేజ్ అడ్జస్ట్‌మెంట్ అనే దాన్ని 'నన్' చేయండి. అన్‌షార్ప్ మాస్క్ (అంచులకి పదును పెట్టేది) ఆఫ్, డిస్క్రీన్ (అచ్చు చుక్కల్ని కలిపేసేది) ఆఫ్, రెడ్యూస్ డస్ట్ అండ్ స్క్రాచెస్ నన్, ఫేడింగ్ కరెక్షన్ నన్. ఇదే మీ మొదటి మెట్టు. ఇక్కణ్ణించి కాగితాన్ని బట్టి ఒక్కోటి ఆన్ చేసుకుంటా పోవాలి. ప్రివ్యూ చూసిన తర్వాత ఫేవరెట్ సెట్టింగ్స్‌లో 'దస్తావేజు', 'పుస్తకం' అని పేర్లు పెట్టి సేవ్ చేసుకోండి, ప్రతిసారీ మళ్ళీ పెట్టే పని ఉండదు. ఎప్సన్ వాడేవాళ్ళకైతే ఎప్సన్ స్కాన్ 2లో డాక్యుమెంట్ మోడ్, ఫొటో మోడ్ అని ఉంటాయి. అక్కడ ఇమేజ్ టైపు కూడా ఆటోలో వదలకుండా మీరే ఎంచుకోవాలి.

ఇంక దస్తావేజు సంగతి. దానికి కలర్, 300 డీపీఐ, టిఫ్ (నాణ్యత పోని ఫార్మాటు) ఫైలు. ఇందులో రాజీ వద్దు. సంతకాలు ఎందుకు ఎగిరిపోతా ఉండాయంటే, బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో ప్రతి చుక్కకీ ఒకే ఒక్క ప్రశ్న: థ్రెషోల్డ్ కంటే ముదురా, లేతా? 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు స్కేలు, థ్రెషోల్డ్ 128 అనుకోండి. వెలిసిన నీలి ఇంకు గ్రేలో 150, 160 దగ్గర ఉంటుంది. అంటే లేత వైపు, కాబట్టి తెలుపు. థ్రెషోల్డ్‌ని 175కి పెంచితే సంతకం వస్తుంది, దాంతో పాటే స్టాంపు డిజైను, మరకలు, వెనక రాత కూడా నల్లగా వచ్చి కూర్చుంటాయి. ఒక్క నంబరుతో ఇంకునీ మరకనీ విడదీయడం ఈ కాగితం మీద కుదరదు. పైగా స్కానర్ దగ్గరే తెలుపు అని తేల్చేసిన చుక్కని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. రంగులో తీసుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయి.

ఆ దారులు ఏంటివంటే: గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో ఫైలు తెరిచి కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ నొక్కితే ఎరుపు, పచ్చ, నీలం మూడు గ్రే బొమ్మలుగా విడిపోతుంది. నీలి ఇంకు ఎరుపు చానల్‌లో బాగా నల్లగా కనిపిస్తుంది, అదే చానల్‌లో కాగితం పసుపు దాదాపు తెల్లబడిపోతుంది. సంతకాలు చదవాలంటే అదే చూడండి. ఊదా సీలు మీద ఏం రాసి ఉందో చదవాలంటే పచ్చ చానల్. ఎర్ర ఇంకుతో కొట్టేసిన గీత కింద నల్ల అక్షరాలు చదవాలంటే ఎరుపు చానల్, ఎందుకంటే ఎర్ర గీత అక్కడ లేతగా మాయమైపోతుంది. ఎప్సన్ స్కాన్ 2లో డ్రాపవుట్ అనే ఆప్షన్ చేసేది ఇదే పని. గానీ స్కాన్ చేసేటప్పుడే రంగు వదిలేస్తే ఆ రంగు ఫైల్లో ఉండదు. మూలప్రతిగా దాచుకునే ఫైలుకి మాత్రం డ్రాపవుట్ వాడొద్దు.

వెనక రాత ముందుకి కనబడేదానికి మందు సాఫ్ట్‌వేర్ కాదు, నల్ల చార్టు. స్కానర్ వెలుగు కాగితం లోపల్నుంచి దూరి, మూత కింద ఉన్న తెల్లటి అట్ట మీద పడి వెనక్కొస్తుంది. వచ్చేటప్పుడు వెనక వైపు ఇంకు నీడని మోసుకొస్తుంది. కాగితం వెనక మ్యాట్ నల్ల చార్టు పెడితే ఆ వెలుగు అక్కడే ఆగిపోతుంది. మెరిసే నల్ల కాగితం వద్దు, అది మళ్ళీ వెలుగుని తిప్పికొడుతుంది. చార్టు పెట్టిన తర్వాత పేపరు కొంచెం బూడిదరంగుగా వస్తుంది, కంగారు పడొద్దు. హిస్టోగ్రామ్ (ఏ ముదురు చుక్కలు ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫు) బటన్ తెరిస్తే కాగితం రంగు ఒక పెద్ద గుట్టలాగా కుడి వైపు కనబడుతుంది. ఆ గుట్ట 210 దగ్గర ఉంటే కుడి స్లైడరుని 225 దాకా లాగండి. గుట్ట మధ్యలోకి లాగితే కాగితం తెల్లగా అవుతుంది గానీ లేత రాత కూడా దాంతోనే పోతుంది. ఎడమ స్లైడరుని గ్రాఫు ఎడమ చివర, ఇంకు ముదురు మొదలయ్యే చోటికి కాస్త ముందరే ఆపండి.

పొడవు సమస్య: గాజు 216 × 297 మిల్లీమీటర్లు. పాత స్టాంపు పేపరు దాదాపు 14 అంగుళాలు పోతుంది. రెండు ముక్కలుగా తీసి అతికించాల్సిందే. ఐజే స్కాన్ యుటిలిటీలో స్టిచ్ అని ఉంది, దాంట్లో కూడా అవుతుంది. చేత్తో చేసుకుంటే ఇంకా అదుపు ఉంటుంది. పేపరు పైభాగం ఒకసారి, కింది భాగం ఒకసారి, రెండిట్లోనూ మధ్య భాగం కనీసం 10 సెంటీమీటర్లు ఉండేట్టు తీయండి. ఇంత ఎందుకంటే, గాజు చుట్టూ గట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది, కాగితం బయటికి పోయే చోట అది లేస్తుంది. లైడ్‌లో ఉండేది సీఐఎస్ సెన్సారు. గాజుని ఆనుకుని ఉంటేనే దానికి స్పష్టంగా కనబడుతుంది, ఒకట్రెండు మిల్లీమీటర్లు లేచినా మసకే. ఆ మసక అంచుని కత్తిరించి పారేసి, బాగుండే చోట అతుకు వేయాలి. రెండు ముక్కలకీ హిస్టోగ్రామ్ నంబర్లు ఒకటే ఉండాలి, లేకపోతే అతుకు దగ్గర గీత తేలుతుంది.

మడతల దగ్గర కాగితం చిట్లిపోయే స్థితిలో ఉంటే మూత ఒత్తొద్దు. మూత తెరిచిపెట్టి పైన నల్ల చార్టు, దాని పైన నల్లగుడ్డ కప్పితే చాలు. చిరుగుల మీద సెలోటేపు వేసి స్కాన్ చేయడం దయచేసి ఎవరూ చేయొద్దు. కొన్నేళ్ళకి ఆ జిగురు పచ్చబడి ఇంకుని తినేస్తుంది.

అచ్చుమచ్చు, తిరుపతి

పుస్తకం విషయం నేను చెబుతానండి.

గ్రేస్కేల్, 400 డీపీఐ. 300 చాలదా అంటే ఇంగ్లీషు పుస్తకానికి చాలు. తెలుగులో అక్షరం కింద వత్తు, వత్తు కింద కొమ్ము, పక్కన దీర్ఘం – ఇవన్నీ అసలు అక్షరంలో సగం కంటే తక్కువ సైజులో ఉంటాయి. సీసపు అచ్చులో పైగా కొన్ని దిమ్మలు అరిగిపోయి ఉంటాయి. 'థ' పొట్టలో చుక్క ఎగిరితే 'ధ' అవుతుంది, 'ధ' కింద చిన్న గీత ఎగిరితే 'ద' అవుతుంది. 'ఠ'లో చుక్క పోతే 'ర' అయి కూర్చుంటుంది. అదే థ్రెషోల్డ్ ఎక్కువ పెడితే సున్న లోపల నిండిపోయి నల్ల చుక్కగా మారుతుంది, 'భ' కింద గీత పై అక్షరానికి అతుక్కుంటుంది. నీవా_ఒడ్డు గారు దస్తావేజుకి చెప్పిన సూత్రమే ఇక్కడా: నలుపు–తెలుపు నిర్ణయం స్కానర్ చేతికి ఇవ్వకండి. గ్రేలో తీసి తర్వాత తేల్చుకోండి.

టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ముందే బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి ఇస్తుంటారు. అవసరం లేదు, అది లోపల తనే మార్చుకుంటుంది. మామూలుగా పేజీ మొత్తానికి ఒకే థ్రెషోల్డ్ లెక్కగడుతుంది. మీ పుస్తకం అంచులు గోధుమరంగుకి తిరిగి మధ్యలో తెల్లగా ఉంటే ఆ లెక్క అంచుల్లో తప్పుతుంది. 5వ వెర్షన్‌లో థ్రెషోల్డింగ్ మెథడ్ 2 అని పెడితే సౌవోలా పద్ధతి వాడుతుంది, పేజీలో ఒక్కో చోటికి ఒక్కో లెక్క. పసుపెక్కిన పుస్తకాలకి ఇది చాలా తేడా చూపిస్తుంది. కమాండ్లు వద్దనుకుంటే న్యాప్స్2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో తెలుగు ఓసీఆర్ భాషని దించుకోవచ్చు, స్కాన్ ప్రొఫైళ్ళు కూడా దాచుకోవచ్చు.

డెమ్మీ పుస్తకం తెరిచి బోర్లిస్తే 11 × 8.5 అంగుళాలు, ఏ4 గాజు మీద సరిగ్గా పడుతుంది. అంటే 120 స్కాన్లు. 400 డీపీఐ గ్రేలో గాజు మొత్తం తీస్తే ఒక్కోటి 15 ఎంబీ పైన, మొత్తం 2 జీబీ లోపే. ఈ రోజుల్లో అదేం పెద్ద లెక్క కాదు. టిఫ్‌లో ఎల్‌జడ్‌డబ్ల్యూ కంప్రెషన్ పెట్టుకుంటే ఇంకా తగ్గుతుంది, నాణ్యత పోదు. జేపెగ్ మాత్రం వద్దు. అది అక్షరాల అంచుల చుట్టూ దుమ్ము చల్లినట్టు మచ్చలు వేస్తుంది. కంటికి ఆనదు గానీ ఓసీఆర్ వాటిని వత్తులనుకుంటుంది.

అసలు ఇబ్బంది కుట్టు దగ్గర. లోపలి మార్జిను గాజుకి ఆనకుండా వంపు తిరుగుతుంది. మీ సీఐఎస్ స్కానర్‌కి అక్కడ రెండు నష్టాలు: నల్లబడుతుంది, మసకబడుతుంది. స్కాన్‌గేర్‌లో గట్టర్ కరెక్షన్ అని ఉంది, అది నల్లదనాన్ని తగ్గిస్తుంది, అంతే. మసకబడిన అక్షరాన్ని స్పష్టం చేయలేదు. లోపల అద్దాలు, లెన్సు ఉండే సీసీడీ స్కానర్లు, ఉదాహరణకి ఎప్సన్ వీ600, కొంచెం లేచిన కాగితాన్ని కూడా బాగానే చూస్తాయి. మీ దగ్గరున్న దానితోనే చేయాలంటే ఒక్కో పేజీ విడివిడిగా, అరచేత్తో కుట్టు పక్కన సమంగా ఒత్తిపట్టి తీయండి. కుట్టు విరిగే పుస్తకమైతే ఒత్తకండి. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, లోపలి మార్జిను వేలెడు కూడా లేని బిగువు బైండింగుకి ఫ్లాట్‌బెడ్ సరైన పరికరమే కాదు. పుస్తకాన్ని సగమే తెరిచిపెట్టి పైనుంచి కెమెరాతో తీయడం పుస్తకానికీ మంచిది, అక్షరానికీ మంచిది.

తీసిన తర్వాత స్కాన్ టెయిలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. రెండు పేజీల్ని విడదీస్తుంది, వంకర సరిచేస్తుంది, మార్జిన్లు సమం చేస్తుంది. చివర 600 డీపీఐ నలుపు–తెలుపుగా బయటికి తీస్తే పేజీ చదవడానికి శుభ్రంగా ఉంటుంది. గ్రే మూలాలు మాత్రం తీసేయకండి.

కపిలతీర్థం_బీట్, తిరుపతి

పైవాళ్ళతో ఒక్క చోట విభేదిస్తాను. అన్నిటికీ గ్రే అక్కర్లేదు. లేజర్ ప్రింటు తీసిన తెల్ల కాగితం, సీలు లేదు, సంతకం నల్ల ఇంకు – అలాంటివి బస్తాలకొద్దీ ఉంటే నేరుగా బ్లాక్ అండ్ వైట్, 600 డీపీఐ పెట్టుకోండి. 1 బిట్ (నలుపు లేదా తెలుపు, రెండే) బొమ్మలో అంచు నునుపుగా ఉండేందుకు మధ్య రంగులుండవు, అందుకే 300లో అక్షరాలు రంపం పళ్ళలాగా వస్తాయి. డీపీఐ పెంచితేనే నునుపు. ఏ4 పేజీ 600లో విప్పితే (కంప్రెషన్ లేకుండా) 4 ఎంబీ పైన ఉంటుంది గానీ గ్రూప్ 4 కంప్రెషన్‌తో మామూలు టెక్స్ట్ పేజీ వంద కేబీకి అటూ ఇటూగా దిగుతుంది. అదే పేజీ 300 డీపీఐ కలర్‌లో విప్పితే 26 ఎంబీ.

వారపత్రిక మీద అలలు గురించి. అచ్చయిన బొమ్మ నిజానికి బొమ్మ కాదు, వరసల్లో పేర్చిన రంగు చుక్కలు. మంచి పత్రికలో అంగుళానికి 133 నుంచి 150 వరసలు, దినపత్రికలో 85 దరిదాపు. మీ స్కానర్ చూసేది కూడా వరసల్లోనే. రెండు దోమతెరల్ని ఒకదాని మీద ఒకటి వేసి కదిపితే అలలు కనిపిస్తాయే, అదే జరుగుతోంది.

రెండు దారులు. సులువైనది: స్కాన్‌గేర్‌లో డిస్క్రీన్ ఆన్, 300 డీపీఐ, అన్‌షార్ప్ మాస్క్ ఖచ్చితంగా ఆఫ్. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం. ఒకటి చుక్కల్ని కలిపేస్తుంటే ఇంకోటి ఆ చుక్కల అంచులకే పదును పెడుతుంది. డిస్క్రీన్‌తో స్కాన్ నెమ్మదిస్తుంది, అది మామూలే. రెండో దారి, ఫలితం నా దృష్టిలో ఇదే మేలు: డిస్క్రీన్ లేకుండా 600 డీపీఐ కలర్‌లో తీసి, గింప్‌లో గాసియన్ బ్లర్ 2 పిక్సెళ్ళతో మొదలుపెట్టి చుక్కలు కలిసిపోయేదాకా పెంచి, ఆపైన సైజుని సగానికి తగ్గించి, చివర్లో కొంచెం షార్పెన్. ఇలా చేస్తే అక్షరాలున్న భాగాన్ని బ్లర్ చేయకుండా బొమ్మని మాత్రమే ఎంచుకోవచ్చు. ఇంకా అలలు మిగిలితే పేజీని గాజు మీద కొద్దిగా తిప్పి తీసి, తర్వాత సాఫ్ట్‌వేర్లో నిటారు చేసుకోండి. కోణం మారితే అలల తీరు మారుతుంది.

స్క్రీన్ మీద అలలు కనిపించగానే ఫైలు చెడిందని తేల్చకండి. ముందు 100 శాతం జూమ్‌లో చూడండి. చిన్నగా చూపించేటప్పుడు మానిటరే అలల్ని పుట్టిస్తుంది.

స్వర్ణముఖి_ఇసుక, శ్రీకాళహస్తి

ఫొటోలు, గుడ్డ నావి.

గరుకు కాగితం ఫొటో మీద తెల్ల చుక్కలు దుమ్ము కాదు సార్. ఆ కాగితం మీద చిన్న చిన్న బుడిపెలు అచ్చొత్తి ఉంటాయి. స్కానర్ లైటు ఒక వైపు నుంచే ఏటవాలుగా పడుతుంది కాబట్టి ప్రతి బుడిపెకీ ఒక చెంప తళుక్కుమంటుంది. దుమ్ము తీసే ఆప్షన్ పెడితే చుక్కలతో పాటు ముక్కుపుడక, జుంకీల రాళ్ళు, కంటిలో మెరుపు కూడా తుడిచేస్తుంది. అది నన్‌లోనే ఉంచండి.

ఇట్ల చేయండి. 600 డీపీఐ కలర్‌లో ఒకసారి స్కాన్ చేసి, ఫొటోని 180 డిగ్రీలు తిప్పి అవే సెట్టింగులతో ఇంకోసారి స్కాన్ చేయండి. రెండోదాన్ని గింప్‌లో తిప్పి మొదటిదాని మీద లేయరుగా పెట్టండి, కంటిపాప దగ్గర జూమ్ చేసి పిక్సెలు పిక్సెలు కలిసేట్టు జరపండి. పై లేయరు మోడ్ 'డార్కెన్ ఓన్లీ' చేయండి. ఒకదాంట్లో మెరిసిన చోట రెండోదాంట్లో మెరుపుండదు, ముదురుగా ఉన్నదే నిలుస్తుంది, చుక్కలు దాదాపు పోతాయి. రెండు లేయర్లు ఒక్క పిక్సెలు పక్కకి పోయినా మొహం రెండుగా కనబడుతుంది, అక్కడే ఓపిక కావాల్సింది.

నలుపు–తెలుపు ఫొటో అయినా గ్రేలో తీయొద్దు, కలర్‌లోనే తీయండి. పసుపు మరకలు నీలం చానల్‌లో ఘోరంగా కనిపిస్తాయి, ఎరుపు చానల్‌లో సగం మాయమవుతాయి. ఎరుపు చానల్ ఒక్కటే తీసుకుంటే మరకల పని సగం అయిపోయినట్టే.

డీపీఐ లెక్క: కావలసిన ప్రింటు అంగుళాల్ని 300తో గుణించి, ఉన్న ఫొటో అంగుళాలతో భాగించండి. 3.5 × 5 ఫొటోని 7 × 10 చేయాలంటే 600. 4 × 6 ఫొటో 600లో 2400 × 3600 పిక్సెళ్ళు వస్తుంది, ఆల్బమ్‌కీ ఫ్రేముకీ సరిపోతుంది. లెక్క ప్రకారం పాస్‌పోర్టు ఫొటోని గోడ సైజు చేయడానికి 1700 పైన రావచ్చు గానీ, ఫొటో కాగితంలో అంత వివరం ఉండదు. 1200 దాటితే కాగితం గరుకే పెద్దదవుతుంది. డబ్బా మీద 4800, 9600 అని రాసిన నంబర్లలో ఆప్టికల్ అన్నదే చూడండి. లైడ్ 300కి అది 2400. దానిపైన అంతా సాఫ్ట్‌వేర్ మధ్యలో నింపేదే.

నిగనిగలాడే ఫొటో గాజుకి అతుక్కుని రంగుల వలయాలు వస్తే, నాలుగు అంచుల కింద సన్న కాగితం పట్టీలు పెట్టి వెంట్రుకంత ఎత్తు లేపండి. అంతకంటే లేపితే మసక. చెమ్మగా ఉన్న ఫొటోని గాజు మీద అస్సలు పెట్టొద్దు.

ఇప్పుడు కలంకారీ. ఈ గుడ్డ రంగులు కరక్కాయ, కసిం (ఇనుముతో చేసే నల్ల ద్రావకం), పటిక, మంజిష్ఠ లాంటి వేర్లు, నీలిమందు – వీటితో వచ్చినవి. సీఐఎస్ స్కానర్ వెలుగు మామూలు తెల్ల వెలుగు కాదు. ఎరుపు, పచ్చ, నీలం ఎల్ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఒక్కోటి చాలా సన్నని రంగు పట్టీ. ఫొటో కాగితం రంగుల్ని అది బాగానే పడుతుంది. చెట్టు వేరు రంగు, నీలిమందు ఆ మూడు పట్టీల మధ్యలో కూడా వెలుగుని పీల్చుకుంటాయి, వదులుతాయి. ఆ భాగం స్కానర్‌కి కనబడదు. అందుకే ఎరుపు ఇటుకరంగుకి, నీలం ఊదాకి జరుగుతుంది. ఏ సెట్టింగూ దీన్ని పూర్తిగా సరిచేయలేదు, దగ్గరికి తేవడమే.

దగ్గరికి తెచ్చేది ఇట్ల: ఆటోలన్నీ ఆఫ్. ప్రిఫరెన్సెస్‌లో కలర్ సెట్టింగ్స్ ట్యాబులో కలర్ మ్యాచింగ్ ఎంచుకుని ఎస్‌ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్ల రంగుల ప్రమాణం) పెట్టండి. గుడ్డ పక్కన బూడిదరంగు కార్డు ముక్క ఒకటి పెట్టి కలిపి స్కాన్ చేయండి. తర్వాత గింప్‌లో ఆ బూడిద మూడు చానళ్ళలోనూ ఒకే నంబరు చూపించేదాకా రంగుని సర్దండి. ఆఖరున గుడ్డని కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని పగటి వెలుగులో పెట్టి స్క్రీన్‌తో పోల్చి ఎరుపుని, నీలాన్ని విడివిడిగా జరపండి. ఐటీ8 రంగుల చార్టుతో ప్రొఫైలు (స్కానర్ రంగు తేడాల్ని సరిదిద్దే ఫైలు) చేయొచ్చు కదా అంటారు. అది ఫొటో కాగితం మీద వేసిన చార్టు, ఫొటోలకి బాగా పనికొస్తుంది, వేరు రంగుకి అంత నమ్మకం లేదు.

గుడ్డ వెనక నల్ల చార్టు పెట్టొద్దు, పలుచని గుడ్డలో రంగులన్నీ మురికిపడతాయి. తెల్ల కాగితం రెండు మూడు పొరలు పెట్టండి. నేత దారాలు కూడా వరసలే కాబట్టి 300లో అలలు వస్తాయి. 600లో తీసి తర్వాత తగ్గించుకోండి. అడుగు ముక్క కాబట్టి రెండు స్కాన్లలో అయిపోతుంది. చీరంత గుడ్డైతే స్కానర్ మాట మరిచిపోయి కెమెరాతో తీయించండి.

అలిపిరి_రోడ్, తిరుపతి

అందరికీ చాలా కృతజ్ఞతలు. నల్ల చార్టుతో వెనక రాత దాదాపు పోయింది, ఎరుపు చానల్‌లో సంతకాలు చక్కగా చదవగలుగుతున్నాం. ఇంకో రెండు సందేహాలు. పేజీ పైనుంచి కింది దాకా ఒకే చోట సన్నని నిలువు గీత వస్తోంది, గాజు తుడిచినా పోవడం లేదు. రెండోది, దస్తావేజు పీడీఎఫ్ 80 ఎంబీ దాటింది. బ్యాంకుకి మెయిల్ చేయాలంటే ఎంతకి దించొచ్చు?

నీవా_ఒడ్డు, చిత్తూరు

గీత పేజీ పొడవునా ఉందంటే గాజు మీద చుక్క కారణం కాదన్నా. గాజు మీద దుమ్ము ఉంటే ఒక చోట మచ్చలాగా వస్తుంది, గీతలాగా రాదు. సెన్సారు పట్టీ పేజీ అడ్డంగా ఉండి పొడవునా నడుస్తుంది. ఆ పట్టీలో ఒక్క కన్ను తప్పు చెప్తే అది నడిచినంత దూరం గీత పడుతుంది. ఎక్కువగా జరిగేది ఏంటంటే, స్కాన్ మొదలయ్యే అంచున, ఫ్రేము కింద ఒక తెల్ల పట్టీ ఉంటుంది. స్కానర్ ముందు దాన్ని చూసుకుని 'ఇదీ తెలుపు' అని ప్రతి కన్నుకీ లెక్క రాసుకుంటుంది. అక్కడ పోగు అడ్డం ఉంటే ఆ కన్ను లెక్క తప్పు, గీత ఖాయం.

యూఎస్‌బీ తీసేసి, గాజు ఆ అంచు వైపు ఫ్రేముని ఆనుకుని ఉన్న సందులో మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పోకపోతే గుడ్డకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దండి. గాజు మీద నేరుగా పోస్తే సందులోంచి లోపలికి దిగి మరక కడుతుంది. తర్వాత గాజు మీద ఏమీ లేకుండా మూత మూసి, స్కాన్‌గేర్ ప్రిఫరెన్సెస్‌లో స్కానర్ ట్యాబులో క్యాలిబ్రేషన్ ఎగ్జిక్యూట్ నొక్కండి. ఎండాకాలం దుమ్ము ఎక్కువున్నప్పుడు 'ప్రతి స్కాన్‌కీ క్యాలిబ్రేషన్' అనేది కూడా ఆన్ చేసుకోవచ్చు, కొంచెం నెమ్మదవుతుంది. ఇంత చేసినా గీత అదే చోట ఉంటే దుమ్ము గాజు లోపలి వైపు ఉందని అర్థం, అప్పుడు విప్పాల్సిందే. వారంటీ ఉంటే మీరు విప్పొద్దు.

పీడీఎఫ్ సంగతి: పంపేది వేరు, దాచేది వేరు. టిఫ్‌లు అట్లే ఉంచి, పంపడానికి నకలు తీసి 200 డీపీఐకి దించండి, జేపెగ్ నాణ్యత 75 పెట్టండి. సీలు, సంతకం ఉన్నాయి కాబట్టి రంగులోనే ఉంచండి. పేజీకి అర ఎంబీ దరిదాపుల్లోకి వస్తుంది. ఇంకా తగ్గించమంటే డీపీఐని 150కి దించండి, నాణ్యతని 60 కంటే కిందికి మాత్రం పోనీయకండి. 150 డీపీఐలో చేతిరాత కాస్త మెత్తబడుతుంది గానీ చదవొచ్చు. నాణ్యత 40కి పడితే ఇంకు చుట్టూ గళ్ళు లేచి దిద్దినట్టు కనబడుతుంది, చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది.

అచ్చుమచ్చు, తిరుపతి

ఒక చిన్న మాట కలుపుతాను. అతికించిన స్టాంపు పేపరుని పీడీఎఫ్ చేసేటప్పుడు పేజీ సైజు ఏ4 అని పెట్టకండి, 14 అంగుళాల కాగితం కుదించుకుపోయి అక్షరాలు చిన్నవవుతాయి. లీగల్ అని పెట్టండి, లేదా బొమ్మ సైజునే పేజీ సైజుగా తీసుకోమనండి. గింప్‌లోంచి ఎగుమతి చేసే ముందు ఇమేజ్ మెనూలో ప్రింట్ సైజు తెరిచి అంగుళానికి 300 అని ఉందో లేదో చూడండి. అక్కడ 72 అని ఉంటే పీడీఎఫ్ పేజీ నాలుగడుగుల పైన పొడవు చూపిస్తుంది, ప్రింటు తీసేవాళ్ళు దాన్ని మళ్ళీ ఇష్టమొచ్చినట్టు కుదిస్తారు.